గడప లోపలి వరద

మెట్లు దిగుతున్న కోడిపిల్లలావిడ పాదం ఆఖరి మెట్టు మీద కాకుండా చన్నీళ్ళలో పడింది. హాలంతా పిక్కల లోతు నీళ్ళు. చెప్పులు రెండూ వంటగది వైపు తేలుతూ పోతున్నాయి.

కిటికీ దగ్గరికి పరుగెత్తి వీధిలోకి చూసింది. దుమ్ము రేగుతోంది. ఎదురింటాయన గుమ్మం ముందు ఊడుస్తూ దగ్గుతున్నాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

“ఏమండీ! వరదొచ్చింది!”

“ఎక్కడ?” మేడ మీంచి భర్త గొంతు.

“మనింట్లోనే!”

“వీధిలో?”

“వీధిలో లేదండీ, మనింట్లోనే!”

పేటలో ఆమెను అందరూ కోడిపిల్లలావిడ అనే పిలుస్తారు. ఇంటింటివాళ్ళూ గుడ్లు తెచ్చిస్తే కరెంటు మిషన్లో ఇరవై ఒక్క రోజులు పొదిగించి, పిల్లల్ని చేతికివ్వడం ఆమె పని. రెండేళ్ళ క్రితం వరదకు మిషను మునిగింది. గుడ్లన్నీ పోయాయి. ఆ తర్వాత ఏడాది పాటు ఒక్కరు ఒక్క గుడ్డు తెచ్చి ఇచ్చిన పాపాన పోలేదు. ఎంతమంది కాళ్ళావేళ్ళా పడితేనో ఈసారి అరవై వచ్చాయి. ఈ రోజు ఇరవయ్యో రోజు. ఇవీ పోతే ఇక ఆ గుమ్మం తొక్కేవాళ్ళుండరు.

అందుకే ఆమె తమ్ముడు పంతం పట్టాడు. ఇనపపనిలో చెయ్యి తిరిగినవాడు. ఫ్రిజ్‌ను బల్ల ఎక్కించాడు. వాషింగ్ మిషన్‌ను అటక ఎక్కించాడు; బట్టలు ఉతకాలంటే నిచ్చెన వెయ్యాలి. పొదిగే మిషన్‌ను నాలుగడుగుల స్టాండు మీద పెట్టి బిగించాడు. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసి, తేలిపోకుండా ఇనప బోనులో పెట్టి బిగించాడు. రెండు గుమ్మాలకూ మోకాలెత్తు ఇనప పలకలు, వాటి చుట్టూ రబ్బరు. నేల మీది తూములన్నిటికీ మూతలు. నది పెరుగుతోందని మైకులో చెప్పగానే నిన్న సాయంత్రం అన్నీ బిగించేశాడు. దొంగలు విప్పకుండా నట్లన్నిటికీ మూడు మూలల తలలు పెట్టించాడు. వాటికి సరిపోయే పానా లోకంలో ఒక్కటే ఉంది. అది మెట్ల పక్కన మేకుకు వేలాడుతుండాలి.

మేకు మాత్రమే ఉంది.

“మెయిన్ ఆపేశాను!” అని అరిచింది అత్తగారు. రైళ్ళలో ముప్పై ఏళ్ళు టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. నీళ్ళు కనిపిస్తే ముందు కరెంటు తీసెయ్యాలన్నది ఆ ఇంటి రూలు. రూలు ఆమెదే.

“అయ్యో అత్తయ్యా, గుడ్లు!”

“మనుషులుంటే కదే గుడ్లు పొదిగేది!”

ఎలక్ట్రీషియన్ పావుగంటలో వచ్చాడు. గుమ్మం పలక దాటి నీళ్ళలో దిగి, గోడ తడిమి, పెదవి విరిచాడు.

“ఒక వైరు నేల కిందనుంచి పోయిందమ్మా. నీళ్ళు పోయేదాకా నేను స్విచ్ వెయ్యను. వేస్తే మీకు కోడిపిల్లలు రావు, నా ఫొటోకి దండ పడుతుంది.”

“నీళ్ళు పోవాలంటే పలక తియ్యాలి. పలక తియ్యాలంటే పానా కావాలి,” అంది కోడిపిల్లలావిడ.

అతను తన పట్టకారుతో కుస్తీ పట్టాడు. నట్టు జారింది. ఇంకోసారి జారింది.

“ఎవడమ్మా బిగించింది? రాక్షసుడు!”

“నేనే,” అన్నాడు అప్పుడే మేడ దిగిన తమ్ముడు, కాస్త గర్వంగా.

నీళ్ళు ఎలా వచ్చాయో మాత్రం తెలియలేదు. కొళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. పైపులు పగల్లేదు. పైకప్పు కారలేదు. తమ్ముడు, భర్త, ఎలక్ట్రీషియన్ బకెట్లు అందుకుని నీళ్ళు తోడి పలక మీదుగా వీధిలో పారబోయడం మొదలుపెట్టారు. భర్త నీళ్ళ ట్యాంకుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. లెక్కలేవో గొణుగుతూ తోడుతున్నాడు.

వీధిలో నీళ్ళు ఎదురింటి వైపు పారాయి.

“ఏమయ్యా! మీ ఇంటి వరద మా ఇంటికి తోస్తారా?” అంటూ ఎదురింటాయన చీపురు పారేసి, గుమ్మం ముందు ఇసుక బస్తాలు పేర్చాడు. పేర్చి తలుపు వేసుకున్నాడు.

“మరిగిన నీళ్ళు ఒక సీసాడు ఇవ్వండి బాబాయిగారూ, గుడ్ల దగ్గర పెట్టాలి!” అని కోడిపిల్లలావిడ కేకేసింది.

“మీరు మాకిచ్చిన నీళ్ళు చాల్లేదా?” అని లోపల్నుంచి సమాధానం.

ఆమె మిషను అద్దం మీద చెయ్యి పెట్టి వేడి చూపే ముల్లు చూసింది. ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాల్సింది ముప్పై అయిదు. తోడినకొద్దీ నీళ్ళు తగ్గినట్టే లేవు. ముప్పై నాలుగు.

“బకెట్లు దించండి,” అంది. “చొక్కాలు విప్పండి.”

“ఏంటక్కా?”

“మనిషి ఒళ్ళు ముప్పై ఏడు డిగ్రీలుంటుంది. మనమే మిషను. తలా పన్నెండు.”

“నేనిక్కడ వైరింగ్ పనికొచ్చానమ్మా...” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“నీకూ పన్నెండే.”

అయిదుగురూ మెట్ల మీద మెట్టుకొకరు చొప్పున కూర్చున్నారు. మగవాళ్ళు దుప్పటి మడతల్లో గుడ్లు పెట్టి పొట్టకు కట్టుకున్నారు. ఆడవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పైన కంబళి కప్పుకున్నారు. తుమ్మే హక్కు కూడా ఎవరికీ లేదు.

అత్తగారు పై మెట్టు మీంచి గొంతు సవరించుకుంది.

“ఇప్పుడు ఎవరూ దిగి పారిపోలేరు. చెప్పండి. పానా తీసిందెవరు?”

“నాకేం పని అత్తయ్యగారూ? నేను బిగించినవాణ్ణి,” అన్నాడు తమ్ముడు.

“బిగించినవాడికే విప్పడం తెలుసు. నిన్న మధ్యాహ్నం నన్ను పట్టుకుని ‘వరద రానీండి, అప్పుడు తెలుస్తుంది నా పనితనం’ అన్నావా లేదా?”

“అన్నాను. అంటే నేనే తెప్పిస్తానా?”

“రాకపోతే?”

“అక్కా, చూడవే! నీ గుడ్లు నేను ముంచుతానా?”

“కదలకురా!” అంది కోడిపిల్లలావిడ. “కోపం తర్వాత పడు.”

అత్తగారి చూపు ఎలక్ట్రీషియన్ మీద పడింది.

“నేనిప్పుడే వచ్చానమ్మా!”

“టికెట్ లేనివాళ్ళందరూ ఇప్పుడే ఎక్కామనే చెబుతారు.”

“మరి అన్నగారిని అడగరేం?” అన్నాడతను.

“వాడా? వాడికి గట్టిగా దగ్గడమే రాదు. టికెట్ లేనివాడు ముందు తలుపు వైపు చూస్తాడు. వీడు చూడు, ఎక్కడ చూస్తున్నాడో...”

అందరూ చూశారు. భర్త గోడ వైపు, నీళ్ళు గోడను తాకుతున్న చోటు వైపు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

అప్పుడు వినిపించింది. చిన్న శబ్దం. టిక్. మళ్ళీ టిక్. ఆ వెంటనే సన్నగా, కోపంగా ఒక కూత. భర్త పొట్ట మీంచి.

కోడిపిల్లలావిడ భర్త వైపు తిరిగింది.

“ఒకరోజు ముందే పగులుతున్నాయి. తడి పిల్లకు ఒంటి వేడి చాలదండీ. ఆరేదాకా మిషన్లో ఉండాలి. అరగంటలో కరెంటు రాకపోతే ఒక్కటీ దక్కదు. ఇంక నా మొహం ఎవరికి చూపించను?”

రెండో కూత. భర్త దుప్పటి మడత రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

“నేనే,” అన్నాడు. “నేనే పోశాను. మా బావమరిదిని ఏమీ అనకండి. మా ఫ్యాక్టరీలో ట్యాంకు నమ్మకమైనదా కాదా అని ఎవర్నీ అడగం. నీళ్ళు నింపుతాం, ఇరవై నాలుగు గంటలు వదిలేస్తాం. కారకపోతే ముద్ర వేస్తాం. పంతొమ్మిదేళ్ళుగా నా పని అదే. నది వస్తోందంటే నాకు నిద్ర పట్టలేదు. పోయినసారి మిషను ముందు కూర్చుని నువ్వు ఏడ్చిన ఏడుపు నా చెవుల్లోనే ఉంది. బయటి నీళ్ళు లోపలికి రావని ఎలా తెలుస్తుంది? లోపలి నీళ్ళు బయటికి పోకపోతే తెలుస్తుంది. తెల్లవారుజామున బోరు మోటారు పైపు వంటగది కిటికీలోంచి పెట్టాను. మధ్యలో ఎవరూ విప్పకూడదని పానా దాచాను. కరెంటు సంగతి తట్టలేదు. మా ట్యాంకుల్లో కరెంటు ఉండదు కదా! పానా నా ఎడమ జేబులో ఉంది. నేను వంగలేను, నువ్వే తీసుకో. తొందరగా తియ్యి. కానీ విప్పేముందు ఒక్కసారి ఆ గోడ మీద నేను గీసిన పెన్సిలు గీత చూడు. డెబ్భై బకెట్లు తోడాం, అంటే నీళ్ళు రెండు వేళ్ళ మందం దిగాలి. సరిగ్గా రెండు వేళ్ళే దిగాయి. మీ తమ్ముడి పనిలో ఒక్క చుక్క కారలేదే.”