ఎల్లస్వామి పాడిన తొమ్మిదో పాట

‘ఎర్రదుబ్బ’ బ్యాండులో పాటలు రాసేదీ పాడేదీ నాగరాణే. ఊరు కోస్గి. షాద్‌నగర్‌లో తను పనిచేసే ఫ్యాక్టరీలోనే పరిచయమైన కరుణ, ఎల్లస్వాములతో కలిసి నాలుగేళ్ల కిందట ఈ బ్యాండు పెట్టింది. కరుణ బేస్ గిటార్ వాయిస్తుంది. ఎల్లస్వామి డ్రమ్స్ కొడతాడు. ముగ్గురూ సెలవులు పెట్టి, హైదరాబాదులో ఒక స్టూడియోకు వెళ్లి, ఆరు రోజుల్లో తమ మొదటి ఆల్బం రికార్డు చేశారు.

ఆరో రోజు మధ్యాహ్నానికే ఎనిమిది పాటలూ పూర్తయ్యాయి. స్టూడియో ఇంకో గంట వాళ్లదే.

“నాదొక పాటుంది,” అన్నాడు ఎల్లస్వామి.

నాలుగేళ్లలో అతను అలా అనడం అదే మొదటిసారి. వాళ్లది ఆత్మకూర్ దగ్గర గొర్రెలు కాసే కుటుంబం. చిన్నప్పుడు ఎండాకాలంలో నాయినతో కలిసి మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయిన రోజుల గురించి రాసుకున్న పాట అది. నెమ్మదిగా సాగుతుంది. దానికి పల్లవే లేదు.

“మంచిగనే ఉంది గానీ స్వామీ, గిది మన ఆల్బంల ఇమడది,” అంది నాగరాణి. “పల్లవి లేకుంటే జనం ఏం పాడుతరు?”

“పాడకుంటేంది? ఇంటరు,” అంది కరుణ. “గంట ఖాళీగనే ఉంది గదా. జర పాడనియ్యి.”

ఎల్లస్వామి ఒక్కసారే పాడాడు. మధ్యలో గొంతు కాస్త జీరబోయింది. అంతదాకా ఎవరు వింటారులే అనుకుని నాగరాణి దాన్ని అన్నిటికన్నా చివర్లో పెట్టింది.

ఆల్బం విడుదలైన రెండో వారం, హైదరాబాదులో సంగీతం గురించి రాసే ఒకామె సమీక్ష వేసింది. ‘ఎనిమిది పాటల్లో మంచి హుషారుంది. నేను మళ్లీ మళ్లీ విన్నది మాత్రం తొమ్మిదోదే.’ ఆ తర్వాత ఆన్‌లైన్‌లో వచ్చిన కామెంట్లు కూడా చాలావరకు అదే మాట అన్నాయి.

నాగరాణి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు కోస్గి వెళ్తూ బస్సులో ఆల్బం మొత్తం విన్నది. తన రెండో పాట వినగానే మనసు కుదుటపడింది. అది బాగుంది, ఎవరేమన్నా బాగుంది. ఆరో పాటలో అవసరం లేని చోట కూడా గొంతు చించుకున్నానని ఆమెకే తెలిసింది. తొమ్మిదో పాటలో గొంతు జీరబోయిన చోటు రాగానే వెనక్కి జరిపి ఆ ముక్క మళ్లీ విన్నది.

బస్సు దిగగానే ఫోన్ చేసింది.

“స్వామీ, నేను తప్పు చెప్పిన. నీ పాట చానా బాగుంది.”

“గీ మాట చెప్పనీకె ఫోన్ చేసినవా? నీ పాటలకు డ్రమ్స్ కొట్టీ కొట్టీ నాకు గది రాయబుద్ధయింది.”

“పాలమూర్ల ప్రోగ్రాంల అది నువ్వే పాడాలె. ముందట నిలబడి.”

“మరి డ్రమ్స్ ఎవరు కొడ్తరు?”

“నేను కొడ్త. నాలుగేండ్ల సంది చూస్తున్న, గా మాత్రం రాదా నాకు?”

పాలమూరు అని అందరూ పిలిచే మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ మైదానంలో ప్రోగ్రాం జరిగింది. ఎనిమిది పాటలూ నాగరాణి గుండెల నిండా గాలి పీల్చుకుని పాడింది. రెండో పాటకు పిల్లలు లేచి నిలబడి గొంతు కలిపారు. తర్వాత మైకు ఎల్లస్వామికి ఇచ్చి డ్రమ్స్ వెనక కూర్చుంది. రెండు చోట్ల దెబ్బ ఆలస్యంగా పడింది. కరుణ వెనక్కి తిరిగి నవ్వింది. నాగరాణి ఆపలేదు. పాట ఆగాక మైదానమంతా చప్పట్లు మోగాయి.

ఆ తర్వాతి ఆదివారం రిహార్సల్‌కు నాగరాణి అందరినీ సొంత పాటలు తెమ్మంది. కరుణ ఫోన్‌లో రాసుకున్నదొకటి పాడి వినిపించింది. నాగరాణి మళ్లీ పాడించుకుని విన్నది. మూడో లైను మార్చమంది. కరుణ ససేమిరా మార్చనంది. ఆ వాదన తేలడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది.