నెమ్మదిగా పడిన ఇనుప స్కేలు

పెద్దమ్మ తన చేతుల్ని తెర మీద చూసుకోవడం అదే మొదటిసారి. చూడ్డం మొదలుపెట్టి మూడు నిమిషాలు కాలేదు, ముఖం వెలవెలబోయింది.

"ఇవి నా చేతులేనా?" అంది.

ఎడిటరమ్మ పెద్దమ్మకు చెల్లెలి కూతురు. పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించడం ఆమె వృత్తి కాబట్టి పెద్దనాన్న ఆ పేరు పెట్టాడు, ఇంటిల్లిపాదీ దాన్నే ఖాయం చేశారు. ఆ మధ్యాహ్నం ఆమె గదిలో ముగ్గురూ ఒకే తెర ముందు కూర్చున్నారు. కుర్చీలు రెండే ఉండటంతో పెద్దనాన్న పాత హార్డ్ డిస్కుల పెట్టె మీద కూర్చుని, అది కిర్రుమన్నప్పుడల్లా తనేం చేయలేదన్నట్టు చూస్తున్నాడు.

పెద్దమ్మ ముప్పై ఏళ్లు పుస్తకాల బైండింగ్‌లో చేయి తిరిగిన మనిషి. అచ్చయిన పెద్ద కాగితాల్ని ఫారాలుగా మడిచి, సూదితో కుట్టి, అట్ట కట్టేది. మణికట్టులో నరం నొక్కుకుపోయి వేళ్లు మొద్దుబారితే ఎనిమిది నెలల క్రితం ఆపరేషన్ చేశారు. వేళ్లకు పాత చురుకు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. వచ్చేసిందని పెద్దమ్మ నమ్మింది. నమ్మబట్టే, బైండింగ్ నేర్పే ఒక శిక్షణ కేంద్రం వాళ్లు టీచరు కావాలంటే దరఖాస్తు పెట్టింది. వాళ్లు పెట్టిన షరతులు ఇవీ. ఎనిమిది ఫారాలు మడిచి కుట్టడం పన్నెండు నిమిషాల్లో పూర్తి చేయాలి. ఆ పని తీసిన వీడియోలో మధ్యలో ఎక్కడా కోత ఉండకూడదు. సాయంత్రం నాలుగింటిలోగా పంపాలి.

తెర మీద చేతులు కాగితం మడుస్తున్నాయి. తప్పు ఎక్కడా లేదు. మడత సూటిగానే ఉంది, సూది పడాల్సిన చోటే పడుతోంది. కానీ ప్రతి కదలికా కాస్త బరువుగా, ఒకసారి ఆలోచించుకుని వచ్చినట్టు ఉంది. చివరి ముడి పడేసరికి కింద అంకెలు, పని మొదలైన దగ్గర్నుంచి, పన్నెండు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు చూపించాయి.

పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. "అరనిమిషమే కదే. వాళ్లేం పట్టించుకుంటారు?"

"అరనిమిషం గురించి కాదండీ," అంది పెద్దమ్మ. "కుట్టేటప్పుడు నాకు ఎప్పట్లాగే చేస్తున్నాననిపించింది. చూస్తే ఇలా ఉంది. చేతులు ఇంత మందగించినా నాకు తెలియలేదంటే, ఇంక నన్ను నేనే నమ్మలేను. బాగైపోయిందని ఊరంతా చెప్పుకు తిరిగాను కూడాను."

వీడియో తీసేటప్పుడే టైమ్ చూసుకోలేదా అని ఎవరైనా అడగొచ్చు. చూసుకోలేదు. గడియారం కనిపిస్తే వేళ్లు బిగుసుకుపోతాయని పెద్దమ్మ దాన్ని పక్క గదిలో పెట్టించింది. పెద్దనాన్న చేతి వాచీ కూడా తీయించింది. ఆయన స్టాండుకి బిగించిన తన ఫోన్‌లో బటన్ నొక్కి, ఎవరూ లోపలికి రాకుండా తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. మొదట్లో పెద్దమ్మ తన గురించి చెప్పుకునే ఒక్క నిమిషాన్ని అంతకు ముందు రోజు ఎడిటరమ్మ తన కెమెరాతో తీసింది. చేతుల పని వీడియో మాత్రం ఆయన ఫోన్‌దే. అదీ నిలువుగా పెట్టి తీశాడు. తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయని పొద్దున్నే ఎడిటరమ్మ ఆయన్ని దులిపేసింది.

"అమ్మాయ్, ఆ కేంద్రం వాళ్ల నంబరు నీ దగ్గరుందా?" పెద్దమ్మ లేచింది. "పంపడం లేదని నేనే చెప్పేస్తాను. మర్యాదగా ఉంటుంది."

"కాస్త వేగం పెంచెయ్యవే ఎడిటరమ్మా," అన్నాడు పెద్దనాన్న గుసగుసగా. "ఒక్క బటన్ నొక్కితే అయిపోదూ? ఎవరికి తెలుస్తుంది?"

గుసగుస అని ఆయన అనుకున్నాడు గానీ అది వీధి దాకా వినిపించింది.

"నాకు తెలుస్తుంది," అంది పెద్దమ్మ గుమ్మంలోంచి. "రేపు వాళ్ల ముందు కూర్చుని కుట్టాలి. అప్పుడు ఏ బటన్ నొక్కుతారు?" అని వంటగదిలోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆ నీళ్ల చప్పుడు చాటున ఏడుస్తోందని ఇద్దరికీ అర్థమైంది, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నిజం చెప్పాలంటే పెద్దనాన్న చెప్పిన పాపపు ఆలోచన ఎడిటరమ్మకు అంతకు ముందే వచ్చింది. అయిదు శాతం వేగం పెంచితే చాలు, ఎవరూ కనిపెట్టలేరు. చేయి మౌస్ మీదే ఉంది. చేయకూడదని తెలిసీ, చేస్తే ఎలా ఉంటుందో చూద్దామన్న చపలచిత్తంతో వీడియోని మొదటి నుంచి నడిపింది.

మూడో నిమిషం దాటాక పెద్దమ్మ మోచేయి తగిలి బల్ల మీది ఇనుప స్కేలు కింద పడింది. ఫోన్ నిలువుగా ఉండటం వల్ల బల్లతో పాటు నేల కూడా కనిపిస్తోంది. ఎడిటరమ్మ ముందుకు సాగిపోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంకోసారి చూసింది. ఆ స్కేలు పడటంలో ఏదో తేడా ఉంది. పడాలా వద్దా అని మొహమాటపడుతున్నట్టు తీరిగ్గా దిగుతోంది. పెళ్లిళ్లలో చల్లే పువ్వులు నేల మీద పడటాన్ని ఇన్నేళ్లుగా సాగదీసి, సాగదీసి చూసిన కళ్లు ఆమెవి. ఆ తీరిక ఆమెకు బాగా తెలుసు.

"పెద్దనాన్నా," అంది. "పెద్దమ్మ మణికట్టుకి ఆపరేషనైంది సరే. ఈ ఇనుప స్కేలుకి ఎవరు చేశారు?"

ఆయన అయోమయంగా చూశాడు. ఆమె అప్పటికే ఆ వీడియో వివరాలు తెరిచింది. చూసి నాలుక కరుచుకుంది.

వీడియో అంటే వరసగా తీసిన ఫోటోలే. పెద్దనాన్న ఫోన్ సెకనుకి ముప్పై తీసింది. ఎడిటరమ్మ కెమెరా ఇరవై అయిదే తీస్తుంది. పెళ్లి పనుల్లో ఆమెకో అలవాటు ఉంది. ఫోల్డర్లోకి వచ్చిన వీడియోలన్నిటినీ కట్టగట్టి ఎంచుకుని, అన్నీ సెకనుకి ఇరవై అయిదే అని యంత్రానికి చెప్పేస్తుంది. అలా చేస్తే పెళ్లికూతురి నడకకి ఒక మెత్తదనం వస్తుంది, చూసినవాళ్లు మురిసిపోతారు. ఇక్కడా చేయి దాని పని అది చేసేసింది. ఒక సెకనులో కనబడాల్సిన ముప్పై ఫోటోల్ని యంత్రం నిదానంగా ఇరవై అయిదు చొప్పున పేర్చుకుంటూ పోయింది. అయిదు నిమిషాల పని ఆరు నిమిషాలకు సాగింది. శబ్దం విని ఉంటే ఇట్టే దొరికిపోయేది. కానీ పెళ్లి వీడియోలో ఎలాగూ పాట వేస్తారు కదా, ఫోన్ల వీడియోల్లోని శబ్దాన్ని కంప్యూటర్లోకి దించుకున్నప్పుడే తీసి పారేయడం ఆమెకున్న రెండో అలవాటు.

"ఫోన్ ఇవ్వండి, ఫోన్!" అని ఆయన జేబులోంచి లాగేసుకుంది. అసలు వీడియో నిడివి చూసింది. పది నిమిషాల ముప్పై సెకన్లు.

"పెద్దమ్మా!" అని అరిచిన అరుపుకి కుళాయి ఆగిపోయింది.

పెద్దమ్మ తడి చేతులతో వచ్చి నిలబడింది. ఎడిటరమ్మ ఏమీ వివరించలేదు. పాత పనిని పక్కన పెట్టి, ఈసారి సెకనుకి ముప్పై లెక్కన కొత్తగా మొదలుపెట్టింది. ఫోన్ వీడియోని దాని సొంత లెక్కలోనే, దాని శబ్దంతోనే పెట్టింది. ఇప్పుడు మొదటి నిమిషం మాటల దగ్గరే సెకనుకి అయిదు ఫోటోలు రెండేసి సార్లు కనబడతాయి. ముఖమే కాబట్టి దానివల్ల నష్టమేం లేదు.

చేతులు కదిలాయి. కాగితం చటుక్కున మడత పడింది. సూది దిగింది, దారం కాగితాల్లోంచి జుర్రున దూసుకొచ్చింది. స్కేలు ఠంగున పడింది, తలుపు దగ్గర్నుంచి పెద్దనాన్న గొంతు "అయ్యో" అంది, "మీరు నోరు మూసుకోండి" అన్న పెద్దమ్మ గొంతు వినిపించింది, చేతులు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"తప్పు నాది పెద్దమ్మా," అంది ఎడిటరమ్మ. "నీ చేతులకేం కాలేదు. నేనే సాగదీశాను."

పెద్దమ్మ పది నిమిషాల ముప్పై సెకన్లూ నిలబడే చూసింది. చివరి ముడి పడ్డాక కుర్చీలో కూలబడి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి ఎడిటరమ్మకు ఏడుపొచ్చింది. పెద్దనాన్న లేచి నిలబడి, తను ఫోన్‌ని నిలువుగా పెట్టబట్టే నేల కనిపించిందని, ఇకమీదట ఎవరూ తనని ఏమీ అనకూడదని ప్రకటించాడు. ఆ పూటకి ఆయన మాట ఎవరూ కాదనలేదు.

మూడు గంటల పది నిమిషాలకు వీడియో వెళ్లిపోయింది. అందినట్టు జవాబు వచ్చాక ఎడిటరమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గుండెల మీద నుంచి కొండ దిగినట్టుంది. తన తప్పు కళ్ల ముందు లేకుండా చేసేద్దామని ఆ సాగదీసిన వీడియో మీద నొక్కింది.

"ఆగు, ఏం చేస్తున్నావ్?"

"తీసేస్తున్నా పెద్దమ్మా. దరిద్రం, మళ్లీ చూడక్కర్లేదు."

పెద్దమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, తెర మీద ఒక చోట వేలు పెట్టింది. "ఇక్కడ ముడి ఎలా తిరుగుతోందో చూడు. నేను మామూలుగా వేస్తే ఎవరి కంటికీ అందదు. ముప్పై ఏళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కరు కూడా పట్టుకోలేకపోయారు. ఇందులో ఎంత స్పష్టంగా ఉందో!" అంది. "అలాగే ఉంచు. మొదటి రోజు క్లాసులో ఇదే చూపిస్తాను."