ఆరని గుడ్డ

కాశమ్మ తెల్లవారుజామున మిద్దె మీద దండెం మీది బట్టలను ఒక్కొక్కటే తడిమి చూసి భుజాన వేసుకుంటోంది. లంగా ఆరింది. తువ్వాలు ఆరింది. నిన్న సాయంత్రం ఉతికి ఆరేసిన దుప్పటి కూడా ఆరింది. చివర వేలాడుతున్న జానెడు పేలిక మాత్రం తడిగానే ఉంది. పిండితే నీళ్ళు కారేలా ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, "ఇంక ఈడనే ఉన్నవన్నట్టు" అని గొణుక్కుంటూ మెట్లు దిగింది.

ఆ పేలికను సాఫీ అంటారు. గంజాయి తాగేవాళ్ళు పొగ చల్లగా తగలాలని తడిపి చిలుము అడుగున చుట్టుకుంటారు. అది కాశమ్మ మొగుడు మొగులయ్యది. మొగులయ్య చలికాలం చివర్లో ఊపిరితిత్తులు చెడి ఆస్పత్రిలో పోయాడు. చిలుమును ఆయన దోస్తులెవరో గుర్తుగా పట్టుకుపోయారు. పేలిక ఎవరికి కావాలి, అది దండెం మీదే మిగిలిపోయింది. అప్పటినుంచి ఎంత ఎండ కాసినా అది ఆరలేదు. నీళ్ళ ట్యాంకు కారుతోందేమోనని కాశమ్మ దాన్ని దండెం రెండో కొసకు మార్చి చూసింది. అక్కడా అదే తడి. పొద్దుగూకే వేళకు ఇంకాస్త తడుస్తుంది. ఆ వేళకే మిద్దె మీద చిన్న దగ్గు వినిపిస్తుంది, ఆ పాడు వాసన మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. ఈ మాట ఎవరికైనా చెబితే పిచ్చి పట్టిందంటారని కాశమ్మ ఎవరికీ చెప్పలేదు.

మొగులయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్. సుత్తె భుజాన వేసుకుని దబీర్‌పురా స్టేషన్ అవతల పట్టాల వెంట నడిచేవాడు. డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుని, మిద్దె ఎక్కి పట్టాల వైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరితోనూ లొల్లి పెట్టుకున్నవాడు కాదు. పెళ్ళాం మీద చెయ్యెత్తినవాడూ కాదు. రెండు దమ్ములు లాగి, పోయే రైలును చూసి తనలో తను నవ్వుకునేవాడు, అంతే. ఆ నవ్వు చూస్తే కాశమ్మకు ఒళ్ళు మండేది. తను పక్కన లేకుండా అంత సుఖంగా ఉండగలిగే మొగుణ్ణి ఏ ఆడది భరిస్తుంది. పెళ్ళయినప్పటినుంచి తిట్టింది. తిట్టీ తిట్టీ ఆవిడ గొంతే బొంగురుపోయింది కానీ ఆయన మారలేదు.

కింద గల్లీలో ఆటో హారన్ మోగింది. నాగమణమ్మ వచ్చింది. ఇద్దరూ పక్కపక్క ఇళ్ళవాళ్ళు, తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పోయి పూలు తెచ్చుకుని బస్తీలో అమ్ముకుంటారు. కాశమ్మ ఖాళీ గంపలోపల గంపను దూర్చి ఆటో ఎక్కింది. పొట్టి మనిషి. బంతిపూలు తుంచీ తుంచీ గోళ్ళు పచ్చబడ్డాయి, దారం లాగీ లాగీ చూపుడు వేలికి గాడి పడింది. మోకాలు మడిచినప్పుడల్లా ఒకసారి కళ్ళు మూసుకుంటుంది.

ఆ రోజు పెత్రమాస. పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చి, వాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టే అమావాస్య. సాయంత్రం నుంచి బతుకమ్మ మొదలు. పూలమ్మేవాళ్ళకు ఊపిరి తిరగని రోజు.

"అన్నకు ఏమేం పెడ్తున్నవ్ ఒదినె?" అంది నాగమణమ్మ.

"మటన్ పెడ్త. గారెలు, పాయసం. కల్లు తెప్పిచ్చిన."

నాగమణమ్మ డ్రైవరు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "అది పెడ్తలేవా?"

"ఏది?"

"నన్నడుగుతున్నవా? పిట్ట ఎందుకు ముట్టలేదో బస్తీల అందరికి ఎర్కనే గద."

కాశమ్మ గంపలను దగ్గరికి లాక్కుంది. ఆటో బయట చీకటిలోకి చూస్తూ కూర్చుంది.

దినాలప్పుడు మొగులయ్య పేరున పిట్టకు, అంటే కాకికి, అన్నం పెట్టారు. చుట్టాలంతా దూరంగా నిలబడ్డారు. మటన్ ఉంది, కల్లు ఉంది, బీడీలున్నాయి, ఆయన ఇష్టంగా తినే, ఉడికించి తాలింపు పెట్టిన బొబ్బర్ల గుడాలున్నాయి. కాకులు వచ్చాయి. గోడ మీద వాలి, మెడ అటూ ఇటూ తిప్పి చూసి, లేచిపోయాయి. కొడుకు లేని ఇంటికి కొడుకై నిలబడ్డ అల్లుడు ప్రేమ్‌రాజ్ చేతులు జోడించి, "మామా, ఫికర్ జెయ్యకు, అత్తమ్మను మేం జూస్కుంటం" అన్నాడు. అయినా ముట్టలేదు. ఏం తక్కువైందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ప్రేమ్‌రాజ్ పోలీసు శాఖలో హోంగార్డు. గంజాయి పట్టుకునే జట్టులో పనిచేస్తాడు. అతని ముందు ఆ పేరెత్తేదెవరు. ఎండ నడినెత్తికొచ్చాక ఆ అన్నం ఆవుకు పెట్టి అయిందనిపించారు. కాశమ్మ లోపల మాత్రం కాలేదు. మనిషి కోరిక తీరక మధ్యలో ఆగిపోయాడు, అందుకే ఆ గుడ్డ ఆరడం లేదు అనుకుంది. ఈ పెత్రమాసకైనా ఆయనను తృప్తిగా సాగనంపాలన్నదే ఆవిడ పట్టుదల. ఇక పోవాలి. బతికుండగా పెట్టిన పోరు చాలదా.

మార్కెట్లో ఎటు చూసినా బంతి రాశులే. తంగేడు కట్టలు, గునుగు కట్టలు, నీళ్ళు చల్లిన చామంతి గంపలు. కాశమ్మ బంతి రాశిలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు పూలు తడిసి కుళ్ళాయేమో చూసింది. చెయ్యి బయటికి తీసి వాసన చూసుకుంటే మళ్ళీ మిద్దె మీది ఆ మొక్కే గుర్తొచ్చింది.

ఏటా వానలు పడగానే మిగిలిన బంతిపూలను ఎండబెట్టి మిద్దె మీద పెయింట్ డబ్బాల్లో నలిపి చల్లడం ఆవిడ అలవాటు. మొగులయ్య చిలుము నింపుకునే ముందు గింజలు ఏరి ఆ డబ్బాల్లోకే విసిరేవాడు. బంతితోపాటు అవీ మొలిచేవి. లేతగా ఉన్నప్పుడు రంపపు అంచులతో రెండూ ఒక్క తీరుగానే కనిపిస్తాయి. కాశమ్మ కాస్త ఎదగనిచ్చి, ఆకు నలిపి, బంతి వాసన రానివాటిని పీకి పారేసేది. ఈ ఏడు కూడా అలాగే ఒకదాని ఆకు నలిపింది. చేతికంటింది గంజాయి వాసన కాదు, మొగులయ్య చొక్కా కాలరు వాసన. మొదలు పట్టుకున్న చెయ్యి పీకలేకపోయింది. చుట్టూ బంతి మొక్కలు దగ్గరగా నాటి దాన్ని పెరగనిచ్చింది. తనే రోజూ నీళ్ళు పోసింది. పోస్తున్నంతసేపూ తిట్టింది.

కోసి ఆరబెట్టడం దగ్గర తప్పు చేసింది. మిరపకాయలు, వడియాలు ఎండబెట్టిన చెయ్యి కదా, చాటలో పోసి ఎర్రటి ఎండలో పెట్టి కాసేపు నడుం వాల్చింది. కన్నంటుకోగానే చెవి దగ్గరే మాట వినిపించింది. "గట్ల ఎండల పెడ్తరానే ఎవలన్న? నీడకుండాలె. ఆగబట్టాలె." దిగ్గున లేచింది. గదిలో ఎవరూ లేరు. ఆయన ఆ మాట ఇదివరకు ఎన్నిసార్లు అన్నాడో, తను ఎన్నిసార్లు విననట్టు నటించిందో. పరుగున పోయి చాట తెచ్చి, కొమ్మను మెట్ల కింద చీకట్లో ఆయన రెయిన్‌కోటు పక్కన వేలాడదీసింది. వాసన బయటికి రాకుండా దాని మీద మరువం కట్టలు కట్టింది. కోట్లో మనిషి లేడు. అయినా ఆ పక్కనుంచి నడిచేటప్పుడు కొంగు సర్దుకునేది.

పూలు తెచ్చి గల్లీ మొదట్లో గంపలు దించేసరికే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. తంగేడుకు ఒకరు, గునుగుకు ఒకరు చెయ్యి చాస్తున్నారు. పూలన్నీ ఊడ్చిపెట్టుకుపోయాక కాశమ్మ ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకుని పొయ్యి ముట్టించింది. గుడి అయ్యగారు వచ్చి మొగులయ్య పేరున బియ్యం, పప్పు, కూరగాయలు అందుకుని పోయాడు. మటన్ ఉడుకుతుండగా కూతురు వీణ, అల్లుడు వచ్చారు.

ప్రేమ్‌రాజ్ మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏందత్తమ్మా ఈ వాసన?"

"మరువం బిడ్డా. అమ్ముడుపోలే."

అతను ఆవిడ మొహం చూశాడు. మెట్ల కింద చీకట్లోకి చూశాడు. రోజూ బస్సుల్లో, రైళ్ళలో మూటలు వాసన చూసి పట్టుకునే మనిషి. కాశమ్మ ఆ చీకటికి అడ్డంగా జరిగింది. అల్లుడి ఉద్యోగం పోతే తన బిడ్డ గతేమిటన్న ఆలోచన అప్పుడొచ్చింది, ఇన్ని నెలలు రాని ఆలోచన. అతను ఇంకేం అడగకుండా లోపలికి పోయి ఫ్యాను కింద కూర్చున్నాడు.

వీణ గారెలు తీస్తుంటే కాశమ్మ విస్తరిలో అన్నీ సర్దింది. మటన్, గారెలు, పాయసం, బొబ్బర్ల గుడాలు, ముంతలో కల్లు. మెట్ల కిందికి పోయి మరువం పక్కకు తప్పించి, ఆరిన పూమొగ్గ ఒకటి తుంచి గుప్పిట్లో దాచుకుంది. మిద్దె ఎక్కి, మొగులయ్య కూర్చునే చోట పిట్టగోడ మీద విస్తరి పెట్టింది. గుప్పిట తెరిచి అన్నం పక్కన దాన్ని ఉంచింది. పెళ్ళయినప్పటినుంచి దాన్ని పీకి పారేయడమే తప్ప తన చేత్తో ఆయనకు అందించింది ఇదే మొదలు.

"తిను. తాగు. ఇగ పో" అంది.

ఒక కాకి వచ్చి ట్యాంకు మీద వాలింది. విస్తరిని చూసింది. దిగలేదు. కింద పట్టాల మీద ఒక రైలు వచ్చి, ఆగి, కదిలి పోయింది. కాకి రెక్కలు సర్దుకుని అటు తిరిగి కూర్చుంది. కాశమ్మకు ఏడుపొచ్చింది. ఇంత చేసినా ఈ మనిషికి ఇంకేం కావాలో తెలియలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. ప్రేమ్‌రాజ్. నేరుగా పిట్టగోడ దగ్గరికి వచ్చి విస్తరిలోకి చూశాడు. బంతి మొక్కల మధ్య నిలబడ్డ మోడునూ చూశాడు. కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంట్ల ఒక్క చెట్టు దొర్కినా కేసే అత్తమ్మా" అన్నాడు మెల్లగా.

"ఎర్కే బిడ్డా. ఏం జెయ్య మరి. పోతలేడు."

అతను ట్యాంకు మీది కాకి వైపు చూశాడు. తర్వాత ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీశాడు. అల్లుడు సిగరెట్ తాగుతాడని కాశమ్మకు తెలియదు, అత్త ముందు ఏనాడూ బయటపడలేదు. అగ్గిపెట్టెను విస్తరి అంచున పెట్టాడు.

"అగ్గి లేకుంటె మామ ఏం జేస్కుంటడు" అన్నాడు. అని, పట్టాల వైపు మొహం తిప్పుకున్నాడు.

కాకి దిగింది. విస్తరి చుట్టూ ఒకసారి ఎగిరెగిరి నడిచి, గుడాల్లో ముక్కు పెట్టింది. మటన్ ముక్క తీసుకుని లేచింది. వెంటనే ఇంకో రెండు వచ్చాయి. కాశమ్మ చేతులు జోడించి నిలబడింది. కిందినుంచి వీణ, "అమ్మా, ముట్టిందా?" అని అడిగితే ప్రేమ్‌రాజే "ముట్టింది" అని జవాబు చెప్పాడు.

తర్వాత అతను ఆ మోడును వేళ్ళతో సహా పీకాడు. మెట్ల కింద మిగిలినదంతా తెచ్చి బకెట్ నీళ్ళలో పిసికి మోరీలో పారబోసి, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

"మల్ల పెట్టకు అత్తమ్మా."

"ఇగ ఎవలికని పెడ్త."

పొద్దుగూకే ముందు అల్లుడు డ్యూటీ ఉందని వెళ్ళాడు, వీణ కూడా వెంట వెళ్ళింది. గల్లీలో ఆడవాళ్ళు బతుకమ్మలు దించి చప్పట్లు మొదలుపెట్టారు. పొద్దున తను అమ్మిన తంగేడే ఆ బతుకమ్మల్లో మెరుస్తోంది. నాగమణమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి పిలిస్తే, మోకాలు నొస్తోందని చెప్పి పంపేసింది. ఆ దగ్గు కోసం చెవి పెట్టి కూర్చుంది. రాలేదు. మెట్ల మీద వాసన లేదు. రెయిన్‌కోటు ఉత్త రెయిన్‌కోటులా వేలాడుతోంది. దాని పక్కనుంచి నడిచినప్పుడు కొంగు సర్దుకోవాలని కూడా తోచలేదు.

మిద్దె ఎక్కింది. కాకులు విస్తరిని చీల్చి శుభ్రంగా తిన్నాయి. అగ్గిపెట్టెను అల్లుడు తీసుకోవడం మరిచిపోయాడు. స్టేషన్లో లైట్లు వెలిగాయి. ఒక రైలు పోతుంటే కాశమ్మ మొగులయ్య చోట నిలబడి దాన్ని చూసింది. ఆయన నవ్వుకునేంతగా అందులో ఏముందో ఆవిడకు కనిపించలేదు. నవ్వే మనిషి ఉంటే కదా. ఇన్నాళ్ళూ పొమ్మని పోరింది, ఆయన ఇన్నాళ్ళూ వినలేదు. ఈ ఒక్కసారి విన్నాడు. ఇల్లంత ఖాళీ ఒక్కసారిగా మీద పడినట్టయింది.

దండెం దగ్గరికి వెళ్ళింది. చీర తడిమింది, ఆరింది, తీసి భుజాన వేసుకుంది. చివరికి పోయి సాఫీ పట్టుకుంది. ఎండి అట్టలా బిర్రుగా ఉంది. మడిస్తే చిటపటమంది. మొహానికి ఆనించుకుని వాసన చూసింది. వట్టి ఎండ వాసన.

కాశమ్మ చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత ట్యాంకు కింది నల్లా తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి, గుడ్డను అందులో ముంచింది. పిండలేదు. దండెం మీద యథాస్థానంలో వేసి, వెనక్కి చూడకుండా కిందికి దిగింది.

ఖాళీ దండెం చివర ఆ గుడ్డ నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కా బండ మీద పడుతున్నాయి.