రెండు వేళ్ళ తేడా

దర్జీ జన్మలో మొదటిసారి విమానం ఎక్కబోతున్నాడు. మధ్యాహ్నం మూడింటికి అక్కకు గుండె ఆపరేషన్. "నీ మొహం చూస్తే గానీ లోపలికి పోనురా" అంది ఫోన్లో. రైల్లో అయితే రోజున్నర. అందుకే పొద్దున్నే బయల్దేరే చవక విమానానికి టికెట్టు కొన్నాడు.

ఆ చవక ఎంత చవకో కొన్నాక గానీ తెలియలేదు. సీటుకు వేరే, కాగితం అచ్చువేసి ఇస్తే వేరే, మంచినీళ్ళకు వేరే. చారాణా కోడికి బారాణా మసాలా. చేతిసంచి మాత్రం ఉచితమని కొలతలిచ్చారు. ముప్ఫై ఏళ్ళుగా వీధి మొత్తం ఒళ్ళు కొలిచినవాడు, కుట్టు మందంతో సహా లెక్కేసి, అడుగున అట్ట, అంచులకు తీగ పెట్టి తానే ఒక సంచి కుట్టుకున్నాడు. అందులో అక్క గౌను ఉంది. ఆపరేషన్ తర్వాత చేతులెత్తక్కర్లేకుండా ముందువైపు నాడాలు పెట్టి కుట్టాడు.

గేటు దగ్గర సంచులు కొలిచే ఇనప చట్రంలో సంచి దిగలేదు. రెండు వేళ్ళంత పైనే ఆగిపోయింది.

"ఒకటో తారీఖు నుంచి రూలు మారిందండీ. సంచికి డబ్బు కట్టాలి, కార్డివ్వండి" అంది అక్కడి అమ్మాయి. అడిగింది టికెట్టు కన్నా ఎక్కువ.

రూలు వాళ్ళది, మార్చేదీ వాళ్ళే, తెలుసుకోవాల్సింది మాత్రం మనం. కార్డు జేబులోనే ఉంది. కానీ నీ కొలత తప్పని ఆయనతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. టేపు తీశాడు. అది లేకుండా ఆయన గడప దాటడు.

"చూడమ్మా, మీరిచ్చిన కొలతే. వెంట్రుకవాసి తేడా లేదు. మీ చట్రమే చిన్నది."

"అది పాత కొలతండీ."

"పాత కొలత చూపించే కదా టికెట్టమ్మారు. మీ పైవాళ్ళని పిలువు."

వెనకున్న ముసలాయన తన సంచిలోని రెండు స్వెట్టర్లూ ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, చెమటలు కక్కుతూ లోపలికి వెళ్ళిపోయాడు. పిరికివాడనుకున్నాడు దర్జీ.

పై అధికారి తీరిగ్గా వచ్చాడు. టేపు అందుకుని నిలువూ అడ్డమూ కొలిచాడు. కాగితంతో పోల్చి చూసుకున్నాడు.

"మీ కొలత కరెక్టే సార్" అన్నాడు. "గేటు మూసేశాం."

తర్వాతి విమానం సాయంత్రం. దానికి మళ్ళీ కొత్త టికెట్టు. మూడు దాటాక ఫోన్ చేస్తే బావ ఎత్తాడు.

"తీసుకెళ్ళిపోయారు. స్ట్రెచర్ మీద కూడా తలుపు వైపే చూస్తూ పోయింది. ఎక్కలేదా నువ్వు?"

దర్జీ సంచి సంగతి చెప్పాడు. కొలత తనదే కరెక్టని కూడా చెప్పాడు.

"ఎంతడిగారు?"

చెప్పాడు.

"అంతేనా" అన్నాడు బావ.