నాలుగు మేకుల మీది గీత

మా చేను కొలవకముందే పవన్ మా ఆయనను అడిగిన మొదటి మాట, "అన్నా, బోరు లారీ యాడి నుంచి దిగాల?" అని. నీళ్లెక్కడున్నాయో తెలియకముందే లారీకి దారి ఎందుకని నాకు అప్పుడే అనిపించింది.

ఆళ్లగడ్డ అవతల మా అరటి తోట గెలలు వేసే దశలో ఉంది. పాత బోరు సన్నగా పోస్తోంది. తోటంతా తడపడం దానివల్ల కాదు. మొన్న కొత్తగా ఒకటి వేస్తే దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. ఇంకొక్కటి వేయించగలం, అంతే. అది కూడా పోతే తోట పోయినట్టే. అందుకే మా ఆయన సుబ్బరాయుడు నంద్యాల నుంచి, మిషన్‌తో నీళ్లు చూసే పవన్‌ను పిలిపించారు. సాయంత్రానికి అతను చెప్పిన బోరు లారీని కూడా మాట్లాడేశారు.

పవన్ తెచ్చిన పెట్టె భూమిలోకి కరెంటు పంపి, నేల దానికి ఎంత ఎదురాడుతుందో కొలుస్తుంది. అంకె తగ్గితే కింద తడి ఉండొచ్చు. తోట పక్క ఖాళీ మడిలో ఇవతలి గట్టు దగ్గర ఒక మేకు కొట్టాడు. పది మీటర్లకు ఒకటి, ఇరవైకి ఒకటి. ఆ తర్వాతది ఏకంగా అరవైకి. అంకెలు నూట పది, ఎనభై, నలభై, వంద. మోటారు షెడ్డు అరుగు మీద లాప్‌టాప్ తెరిచి వాటిని కొట్టాడు. తెర మీద నున్నటి గీత ఒకటి వచ్చింది.

"చూడన్నా, లోయ మాదిరి దిగింది. నలభై మీటర్ల కాడ నీళ్లు మస్తుగుండాయి."

నలభై మీటర్లంటే సరిగ్గా బండిదారి పక్కన. నేను వంగి చూశాను.

"గీత సున్నా కంటే కిందికి పోయిందేంది పవన్?"

"అంత తడి ఉన్నట్టక్కా."

"నేల ఎదురాడితే ఆడతాది, ల్యాకుంటే ల్యా. సున్నా కంటే తక్కువ ఎట్లా ఎదురాడతాది?"

"ఏమ్మే, ఆయప్ప పని ఆయప్పను చేసుకోనీ. నీ బీయస్సీ ఈడ తియ్యాకు" అన్నారు మా ఆయన.

పక్క చేను కౌలుకు చేసే బుడేన్ గట్టు మీద కూర్చుని నవ్వాడు. "తియ్యనీలేన్నా. మా ఇంటామైతే పెట్టెను బోర్లేసి చూసుండేది."

నేను నవ్వలేదు. నాలుగు చుక్కలు ఎలా పెట్టినా, వాటన్నింటి గుండా పోయే బహుపది గీత ఒకటి దొరుకుతుంది. దాని ఘాతం మూడు కూడా దాటదు. చుక్కల మధ్య ఎక్కడ వంగాలో దాని లెక్క దానిది. నేలతో దానికి పని లేదు. ఇరవైకీ అరవైకీ మధ్య నేలను ఎవరూ అడగనేలేదు.

"నలభై కాడ ఒక మేకు కొట్టు" అన్నాను.

"గ్యాప్ ఉన్నా ఏం గాదక్కా. సాఫ్ట్‌వేరే కలుపుతాది."

"అది కలిపింది గాబట్టే కొట్టమంటాండా."

పవన్ మా ఆయన వైపు చూశాడు. జేబులో ఫోన్ మోగితే తీసి కట్ చేశాడు.

"కొట్టప్పా, ఒక మేకే గదా" అన్నారు మా ఆయన చివరికి.

పవన్ విసుగ్గానే కొట్టాడు. అంకె తొంభై అయిదు వచ్చింది. దాన్ని కూడా కలిపేసరికి లోయ ఉన్నచోట గుట్ట లేచింది. ఇప్పుడు గీతది నాలుగో ఘాతం, ముందున్న గుణకం ఋణం. అలాంటి గీతకు రెండు చివరలూ కిందికే పోవాలి. అరవై దాటాక అది మళ్లీ సున్నాను దాటుకుని నిలువునా కిందికి జారింది. అరవై దాటితే మా అవతలి గట్టు, ఆ గట్టు దాటితే బుడేన్ చేను.

బుడేన్ లేచి వచ్చి తెరలోకి తొంగిచూశాడు. "అరే! నీళ్లు మా చేన్లోకి వచ్చేసినాయే! ఇందాక ల్యాకపాయెనే!"

మా ఆయన నవ్వలేదు. తెర వైపు, మేకుల వైపు మార్చి మార్చి చూశారు.

"మేకు కొట్టిన చోట ల్యావంటాది, కొట్టని చోటే ఉండాయంటాది. ఏందప్పా ఇది?"

"పోనీ ఇరవై కాడ వేద్దామన్నా. ఆడ అంకె నలభయ్యే గదా వచ్చింది" అన్నాడు పవన్.

"ఆ మేకు పక్కన మూతేసిన పైపు కనపళ్యా? మొన్న దుమ్ము తిన్నది ఆడనే" అన్నారు మా ఆయన.

పవన్ ఆ పైపు గురించి ఒక్కసారి కూడా అడగలేదని నాకప్పుడు తట్టింది.

మా ఆయన లారీవాడికి ఫోన్ చేశారు. "బండి తిప్పుకో. ఈపొద్దు వద్దు." ఆయన ఫోన్ ఇంకా జేబులో పెట్టుకోనేలేదు, పవన్ ఫోన్ మోగింది. ఈసారి కట్ చేయలేదు. బండిదారి దాకా నడిచిపోయి, మాకు వీపు పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

మా ఆయన అదంతా చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మరి నీళ్లు యాడుండాయి?"

"నాకూ తెలీదు."

తెలిసినట్టు చెప్పి ఉంటే ఆయనకు ఆ పూటకు ఊరటగా ఉండేదేమో. కాసేపు తోటను అటు చివర నుంచి ఇటు చివరదాకా చూశారు. షెడ్డులోకి పోయి తోటలో పైమడికి నీళ్లు పోయే వాల్వు కట్టేసి, కిందిమడిది పూర్తిగా తిప్పారు.

"ఉన్న నీళ్లతో సగమన్నా దక్కించుకుందాం" అన్నారు.

కిందిమడి కాలవలో నీళ్లు నిండుగా కదిలాయి. పైమడిలో గెలలు అప్పుడే తలలు దించుతున్నాయి. ఆయన అటు చూడకుండా పార తీసుకుని కిందికి దిగారు.