థాడ్ బాయ్కిన్ లెక్కపెట్టిన వేళ్లు

ఒకప్పుడు మా ఊరు టలోనాలో చేపల వేపుడు అమ్మే లెస్టర్ కొట్టుకు వెళితే గల్లాపెట్టె పైన గోడకు ఒక గాజుపెట్టె కనిపించేది. అందులో ఒక పాత టోపీ ఉండేది. టోపీ నాది. లోపలున్న పసుపుపచ్చ మరక మాత్రం థాడ్ బాయ్కిన్‌ది. జనం దాని కిందే కూర్చుని లొట్టలేసుకుంటూ తినేవాళ్లు. ఛీ!

థాడ్ లాంటివాడు మిసిసిపీ మొత్తానికి ఒక్కడే పుట్టాడు. బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురొచ్చినవాణ్ణల్లా గుద్దుకుంటూ పరిగెత్తడమే వాడి ఉద్యోగం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాన్ని రన్నింగ్ బ్యాక్ అంటారు. ఉత్తరాదిలో ఒక మంచు ఊరి జట్టుకు తొమ్మిదేళ్లు ఆడాడు. ఒకసారి అవతలి జట్టు పదకొండు మందీ మీదపడితే పదకొండు మందినీ వీపున మోసుకుంటూ గీత దాటేశాడు. దారిలో ఒకడికి ఆకలేస్తే, వీపు మీదనుంచి దిగకుండానే వేరుశనక్కాయలు కొనుక్కుని తిన్నాడు. అబద్ధమైతే నా కళ్లు పోవాలి. ఆ తొక్కలు ఊడ్చింది నేనే.

నా పేరు ఈనస్ పర్డీ. ఆ జట్టులో మోకాళ్లకూ మడమలకూ పట్టీలు చుట్టేవాణ్ణి. నేనూ టలోనావాణ్ణే. థాడ్ ఆట మానేసి ఊరికొచ్చి మా కాలేజీ జట్టుకు కోచ్ అయ్యాడు. వాడి వెనకే నేనూ మూటాముల్లె సర్దుకుని వచ్చేశాను.

అసలు సంగతి వేళ్లది. నాకు ముందు పట్టీల పని చేసిన ముసలి క్రమ్ చెయ్యి కుర్రతనంలో పత్తి మిషన్లో పడి, కుడిచేతికి రెండు వేళ్లే మిగిలాయి. ఎవడైనా తలకు దెబ్బ తగిలి పడితే ముసలాయన పరిగెత్తుకెళ్లి ఆ రెండూ చూపించి "ఎన్నిరా?" అనేవాడు. రెండు అన్నవాడు మళ్లీ ఆటలోకి పోవాలి. ముసలాయన పోయాక ఐదు వేళ్లున్న నేనొచ్చాను. వచ్చినా రెండే చూపించాను. అలా చూపించడమే ఆ పనికి పద్ధతనుకున్నాను. ఆటగాళ్లకూ తెలుసు. కళ్లు తిరుగుతున్నా, ఏ ఊళ్లో ఉన్నాడో తెలియకపోయినా, ప్రతివాడూ రెండు అనేవాడు. ఒకడైతే పెళ్లిలో పాస్టరుగారు "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అంటే "రెండు" అన్నాడు. వాడి అత్తగారు ఇప్పటికీ వాడితో మాట్లాడదు.

ఒక డిసెంబరు ఆదివారం థాడ్ కూడా అలాగే పడ్డాడు. ఇద్దరు మనుషుల మధ్య వాడి తల కొబ్బరికాయలా టప్పుమంది. నేను వెళ్లి రెండు వేళ్లు చూపించాను. "రెండు" అన్నాడు. అని నా తలమీది టోపీ లాక్కుని అందులో కక్కేశాడు. మూతి తుడుచుకుని లోపలికి పోయి ఆట గెలిపించాడు. పేపర్లన్నీ వాడి బొమ్మే వేశాయి. నేను ఊరికొచ్చినప్పుడు టోపీ లెస్టర్ అడిగి పట్టుకుపోయాడు. వీరుడి కక్కు కదా, కళ్లకద్దుకున్నారు.

ఇక పంతొమ్మిది వందల తొంభై నాలుగు సంగతి. థాడ్ కోచ్ అయి అప్పటికి పన్నెండేళ్లు. రోజూ పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి ఫ్రిజ్‌లోంచి వాడి బూట్లు తీసేది నేనే. ఆడించాల్సిన ఎత్తులన్నీ అట్ట మీద రాసి మెడలో వేసేది నేనే. అప్పుడప్పుడు నన్ను చచ్చిపోయిన వాళ్లన్న పేరుతో పిలిచేవాడు. నేను పలికేవాణ్ణి. వాడి మతిమరుపు సంగతి ఊళ్లో ఎవరికీ తెలియనివ్వలేదు. స్నేహం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆ అక్టోబరు శనివారం మధ్యాహ్నం ఏటి అవతలి కాలేజీ వాళ్ల మైదానంలో ఆట. మా బంతి మోసేవాడు జార్విస్ టాలివర్, ఇరవై ఒక్కేళ్లవాడు. అచ్చం అప్పటి థాడ్. ఇంకో పావుగంట ఆట ఉందనగా వాడి తలకు తగిలింది. అదే టప్పుమన్న చప్పుడు.

జార్విస్ లేచాడు. నడిచాడు. నడిచి నడిచి, మైదానం దాటిపోయి, అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. వాళ్లు మర్యాదస్తులు. మంచినీళ్లిచ్చి, చెయ్యి పట్టుకుని తెచ్చి అప్పగించారు.

"బాబాయ్, ఆట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాడు నాతో.

ఈ స్థితిలో ఇంకో దెబ్బ పడితే జార్విస్ మళ్లీ జార్విస్ కాడు. అది నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఫ్రిజ్‌లోంచి బూట్లు తీసేది నేను.

కంచె వెనక కార్లమ్మే బ్రసార్డ్ నిలబడి ఉన్నాడు. మా జట్టుకు పెద్ద దాత. బుగ్గన పొగాకు ముద్ద, గడ్డం మీద దాని రసం. "ఏం బాబూ, పరుపూ దుప్పటీ పంపించమంటావా? లోపలికి పోరా!" అని జార్విస్‌ను చూసి అరిచాడు. అరిచినప్పుడల్లా నా మెడ మీద తుంపర్లు. థూ!

థాడ్ వచ్చాడు. "ఏంట్రా ఆలస్యం? వేళ్లు చూపించు వాడికి."

"థాడ్, వీడి కళ్లు చూడరా. ఒకటి తూర్పు, ఒకటి పడమర."

"నా కళ్లు అంతకంటే దూరం పోయాయి ఆ రోజు. గెలవలేదూ? చూపించరా!"

చుట్టూ జట్టంతా మూగింది. నేను చెయ్యి ఎత్తాను. ఎత్తి, జీవితంలో మొదటిసారి ఐదు వేళ్లూ చాపాను. నా చెయ్యేం చిన్నది కాదు, చేట.

"రెండు, బాబాయ్," అన్నాడు జార్విస్, వెంటనే, నవ్వుతూ.

నేను థాడ్ వైపు తిరిగాను. ఇప్పుడైనా ఒప్పుకుంటాడనుకున్నాను. థాడ్ నా చేతివైపే చూస్తున్నాడు. జానెడు దూరంలో ఉంది చెయ్యి.

"విన్నావుగా! రెండు. సరిగ్గా చెప్పాడు. పోనివ్వు లోపలికి."

ఒకడు నా వేళ్లు చూస్తాడు, ఒకడు కోచ్ మొహం చూస్తాడు. నేను చెయ్యి దించలేదు.

"ఎన్ని, థాడ్?"

"రెండు రా, ఎన్నిసార్లు చెప్పాలి?"

అప్పుడు నేను జార్విస్ హెల్మెట్ లాక్కుని నేలమీద పెట్టి దాని మీద కూర్చున్నాను. నా బరువు నూట ముప్పై కిలోలు. హెల్మెట్ లేనిదే ఎవణ్ణీ మైదానంలోకి రానివ్వరు. నన్ను లేపడానికి నలుగురు పట్టారు, తర్వాత ఆరుగురు. బ్రసార్డ్ కంచె దూకి వచ్చి నా చొక్కా లాగాడు. చొక్కా చిరిగింది, నేను కదల్లేదు.

"ముసలి పందీ, లేస్తావా లేదా?"

"ముందు ఆ గడ్డం కడుక్కురా, మాట్లాడదాం."

నేను లేచేలోపు ఆట అయిపోయింది. ఓడిపోయాం. జార్విస్‌ను ఆసుపత్రిలో మూడు రోజులుంచారు. నాలుగో రోజు నన్ను నా పేరుతో పిలిచాడు, నా దగ్గర తీసుకున్న గొడుగు సంగతి కూడా గుర్తుచేశాడు. బాగుపడ్డాడన్నమాట.

ఆట రోజు సాయంత్రం తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీ. ఎవడూ కూర్చోలేదు. కాసేపటికి థాడ్ వచ్చి కూర్చున్నాడు.

"ఈనస్, వాళ్లంతా నన్ను అలా చూస్తారేంట్రా? ఎన్ని చూపించావు?"

"ఐదు."

వాడు నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ ముట్టుకుని లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

"మరి ఆ డిసెంబరులో?"

"రెండే, థాడ్."

"నాకు వేళ్లు కాదు కదా, నువ్వే కనిపించలేదురా ఆ రోజు."

"తెలుసురా."

థాడ్ నా చెయ్యి వదల్లేదు. ఊరొచ్చేదాకా అలాగే పట్టుకున్నాడు.

సోమవారం వాడు కోచ్ పని మానేస్తున్నానని చెప్పేశాడు. నేను లెస్టర్ కొట్టుకు వెళ్లి, కుర్చీ లాక్కుని ఎక్కి, గాజుపెట్టె దించాను. తింటున్నవాళ్లు నోళ్లు తెరిచారు. ఒకడి నోట్లోంచి చేప జారింది.

"అయ్యయ్యో, ముట్టుకోకు ఈనస్! అది మన ఊరి చరిత్ర!" అని లెస్టర్ గోలపెట్టాడు.

"వాంతి, లెస్టర్," అన్నాను. "ఇన్నేళ్లూ దీని కింద కూర్చోబెట్టి తిండి పెట్టావు."

టోపీని పట్టకారుతో పట్టుకుని వెనక చెత్తడబ్బాలో పడేశాను. కొట్టు వెనక తిరిగే పిల్లి వచ్చి వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.