పిల్లల కాడి మొగోడు

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది మోచేతి మీద పడేసరికి మొగిలి చంకలో ఉన్న బుచ్చిని ముందు గడ్డి మీద దించి, ఆ తర్వాతే తాను కూలబడ్డాడు. పిల్లను దించేదాకా గడి పెద్దజీతగాడు కాటమయ్య ఆగాడనుకుంటే పొరపాటే. చెర్నకోల పారేసి ముల్లుగర్ర అందుకోవడానికి వంగాడు, అంతే.

గూడూరు దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. ఎనభై ఒకటో సంవత్సరం, నాట్ల కాలం. ఎండాకాలమంతా బీడీలకు పోయే తునికాకు కట్టలు ఎండబెట్టే కల్లం పక్కన ఒక పాక ఉంది. వానలు పడ్డాక దాంతో ఎవరికీ పని ఉండదు. మొగిలి అందులో పాత చీరలతో ఉయ్యాలలు కట్టాడు. కింద దొర గడివాళ్ల మడుల్లో తల్లులు నాట్లు వేస్తుంటే పైన వాళ్ల పిల్లల్ని చూసుకునేవాడు. నడిచే పిల్లల చేత చింతగింజలు కుప్పలు పోయించి, ఏది పెద్ద కుప్ప, ఏది చిన్నది అని అడిగేవాడు. తడి మట్టితో ఎడ్లను చేయించేవాడు. ఆకు తెచ్చిస్తే ఏ చెట్టుదో చెప్పాలి. మూడేళ్లు నిండినా మాటే రాదని అందరూ వదిలేసిన బుచ్చి ఒకనాడు ఆకు చేతికిస్తే "మోదుగ" అంది. దాని తల్లి రాధమ్మ ఆ మాట విని బురద కాళ్లతోనే పాకలో కూర్చుని ఏడ్చింది.

అంతకుముందు పిల్లల్ని ఎవరు చూసేవారు? ఎవరూ చూసేవారు కాదు, నల్లమందు చూసేది. నాట్ల నాడు పొద్దున్నే ఆడవాళ్లు గడి ముందు నిలబడితే, దొరసాని కమలాదేవి భరిణె తెరిచి ఆవగింజంత మందు ఒక్కొక్క తల్లి వేలికి అంటించేది. తల్లి దాన్ని బిడ్డ నాలుకకు రాసేది. ఇక బిడ్డ పొద్దుగూకేదాకా లేవడు, తల్లి ఒడ్డెక్కదు. దొరసాని దయగల మనిషి. మందుకు పైసా తీసుకునేది కాదు.

పోయిన ఏడు వజ్రమ్మ కొడుకు లేవలేదు. వజ్రమ్మ మొగిలికి అక్క. పొద్దున ఆమే మందు రాసింది. నడిపొద్దున బిడ్డ మెసిలాడు. నాటేసేవాళ్లకు అంబలి మోసుకొచ్చిన తండ్రి కట్టయ్య, భార్య పని ఆగితే కాటమయ్య తిడతాడని, ఆమెకు చెప్పకుండా మళ్లీ కొంచెం రాశాడు. సాయంత్రం వజ్రమ్మ చన్ను నోట్లో పెడితే పాలు పెదవుల పక్క నుంచి కారిపోయాయి. గాలి సోకిందన్నాడు కట్టయ్య. ఊరు కూడా సరే, గాలే అంది. గడి మందు చంపిందని అని ఆ ఊళ్లో బతికేదెవరు?

మొగిలి మాత్రం ఈ ఏడు నాట్లు మొదలవగానే నాగలి వదిలి పాకలో కూర్చున్నాడు. దాంతో మగవాళ్లకు నవ్వుకోవడానికి ఒక మనిషి దొరికాడు. కల్లు దగ్గర అతనికి చోటివ్వడం మానేశారు. ముడ్లు కడిగే చేత్తో మా లొట్టి ముట్టకు అన్నారు. బామ్మర్ది ఆడదానిలా పిల్లల్ని ఊపుతుంటే నలుగుర్లో తల ఎత్తుకోలేకపోతున్నానని కట్టయ్య అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఇదీ మన మగతనం! కన్నబిడ్డను మట్టిలో పెట్టినప్పుడు వంగని తల, పరాయి బిడ్డను బామ్మర్ది ఎత్తుకుంటే వంగిపోయింది.

ఒక్క మనిషి వేరేగా మాట్లాడింది. మానుకోట నుంచి బస్సులో వచ్చిపోయే బాలవాడి టీచర్ విమల ఒక పూటంతా పాకలో కూర్చుని చూసింది. లేస్తూ, "పిల్లల పని ఆడోళ్లదే అని ఎవరన్నరు మొగిలీ? వరంగల్‌ల ట్రెయినింగ్ ఇస్తున్నరు. మొగోళ్లను తీసుకోమంటే నేను కొట్లాడత. నువ్వు మాత్రం గీ పని ఇడువకు" అంది. మొగిలి సిగ్గుపడి నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి అతని నడకే మారింది.

గడికి ఆ నడక నచ్చలేదు. నిద్రపోని పిల్లలు పాలకు ఏడుస్తారు. ఏడిస్తే తల్లులు ఒడ్డెక్కుతారు. నారు ముదిరిపోతోంది, నాట్లు తెమలడం లేదు. వాడు మళ్లీ పిల్లల జోలికి పోకుండా చూడమని దొరసాని చెప్పి, భరిణె కాటమయ్య చేతిలో పెట్టింది.

కాటమయ్య వస్తూ కట్టయ్యను వెంటబెట్టుకొచ్చాడు. కూలబడ్డ మొగిలి రెక్కలు వెనక్కి విరిచి పట్టుకోమన్నాడు. కట్టయ్య పట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి లోపల కొంచెం తృప్తిగా కూడా ఉంది.

ముల్లు వీపును గీరుతుంటే మొగిలి అరవలేదు. అరిస్తే పిల్లలు జడుసుకుంటారని పెదవి కొరుక్కున్నాడు. అది చూసి కాటమయ్యకు ఒళ్లు మండింది. పాకలోకి పోయి ఒక ఉయ్యాల ముడి లాగేశాడు. అందులో రాధమ్మ చంటిబిడ్డ ఉన్నాడు. బిడ్డ నేల మీద దబ్బున పడి గుక్కపట్టాడు. అప్పుడు అరిచాడు మొగిలి.

"పిల్లల కాడుండేటోనికి దోతెందుకురా" అంటూ కాటమయ్య ఆ చీరను అతనికి చుట్టాడు. కింద పడేసి, కుడి చేతిని కట్టయ్య చేత నేలకు అదిమి పట్టించి, మణికట్టు మీద మడమతో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు కట్టయ్యకు వినిపించింది. అతని పట్టు దానంతటదే వదిలిపోయింది.

పిల్లలంతా ఒక్కసారిగా ఏడుపు ఎత్తుకున్నారు. మడిలో నడుములు లేచాయి. నారు చేతుల్లోనే పట్టుకుని ఆడవాళ్లు ఒడ్డుకు పరుగెత్తుకొచ్చారు. ఒడ్డెక్కినవాళ్లకు ఈ రోజు కూలి మూడు రూపాయలు రావు, మళ్లీ ఏ నాటుకూ పిలుపు రాదని కాటమయ్య కేక వేశాడు. వాళ్లు ఆగిపోయారు. వాళ్లను తప్పుపట్టేవాళ్లు ఒక్కరోజు వాళ్ల ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని చూడాలి. రాధమ్మ మోకాళ్ల లోతు బురదలో నిలబడి, రెండు చేతులూ పాక వైపు చాచి ఏడుస్తోంది.

కాటమయ్య భరిణెను కట్టయ్య చేతిలో పెట్టాడు. "అందరికి రాయి. నోళ్లు మూయాలె."

కట్టయ్య రాధమ్మ బిడ్డను ఎత్తాడు. భరిణె తెరిచి చిటికెన వేలికి మందు అంటించాడు. వేలు దగ్గరికి రాగానే బిడ్డ ఏడుపు ఆపాడు. తల్లి వచ్చిందనుకుని నోరు తెరిచి, మెడ సాచి, ఆ వేలి కోసం వెతికాడు. కట్టయ్య చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"వాడు గూడ గిట్లనే నోరు తెరిచిండు" అన్నాడు. ఎవరితో అన్నాడో మొదట ఎవరికీ తెలియలేదు. తర్వాత తల తిప్పి మడి అంచున ఉన్న భార్యను చూశాడు. "గాలి గాదు వజ్రా. నేనే పెట్టిన."

వజ్రమ్మ చేతిలోని నారు నీళ్లలో పడిపోయింది.

కట్టయ్య వేలును దోతికి తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాడు. భరిణెను బురదలోకి విసిరేసి, ఏడుస్తున్న పిల్లల మధ్య చతికిలబడ్డాడు.

కాటమయ్య నమ్మలేనట్టు చూశాడు. "లేవురా" అన్నాడు.

"లేవ. నాకు గూడ చీర కట్టు" అన్నాడు కట్టయ్య.

ముల్లుగర్ర అతని భుజం మీద పడింది. కట్టయ్య బిడ్డ మీదికి వంగిపోయాడు. పసిబిడ్డను ఎత్తుకోవడం ఎప్పుడూ నేర్వని చేతులవి, బిడ్డ తల వెనక్కి వాలిపోయి ఊగుతోంది. చీర కాళ్లకు చుట్టుకుని పడివున్న మొగిలి విరిగిన చేతిని కడుపుకు అదుముకుని, ఎడమ మోచేతి మీద పాక్కుంటూ దగ్గరికొచ్చాడు.

"బావా, మెడ కింద చెయ్యి పెట్టు" అన్నాడు. "గట్ల గాదు. వేళ్లు ఇంకొంచెం వెడల్పు చెయ్యి. ఆఁ, గట్ల."

వజ్రమ్మ ఒడ్డెక్కింది. ఆమె వెనక రాధమ్మ ఎక్కింది. కర్ర మళ్లీ లేచింది. కట్టయ్య దాని వైపు చూడలేదు, చెయ్యి సరిగ్గా ఉందా అని మొగిలిని అడుగుతున్నాడు.